బీఎంఎస్ కొనేముందు: కామన్ పోర్టా, సెపరేట్ పోర్టా, మాస్‌ఫెట్లు మైనస్‌లోనా, ప్లస్‌లోనా?

లిథియం ప్యాక్ సొంతంగా కట్టుకునేవాళ్లలో ఎక్కువమంది బీఎంఎస్ (సెల్స్ మరీ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా, కరెంటు హద్దు దాటకుండా కాపలా కాసే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ బోర్డు) కొనేటప్పుడు చూసేది ఒకటే, స్టిక్కర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో. 60 ఆంపియర్లదాని ధర, 100 ఆంపియర్లదాని ధర పక్కపక్కన పెట్టి చూసి, కాస్త ఎక్కువే ఉంటే మంచిదిలే అని పెద్దది తీసేసుకుంటారు. ఆంపియర్లు చూడొద్దని అనను. కానీ అది మూడోదో నాలుగోదో ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సింది మీ ఛార్జరూ మీ లోడూ ప్యాక్‌కి ఏ తీగల మీద తగులుతున్నాయన్నది. ఎందుకంటే బోర్డు మీదున్న ఒక్కో మాస్‌ఫెట్ స్విచ్చి కరెంటుని ఒకవైపే ఆపగలదు, రెండోవైపు ఆపడం దానివల్ల కాదు. ఇదొక్కటి అర్థమైతే మిగతా ఎంపికలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

బీఎంఎస్ బోర్డుల్లో వాడేవి దాదాపు అన్నీ ఎన్ ఛానల్ మాస్‌ఫెట్లే. మాస్‌ఫెట్‌కి మూడు కాళ్లు: కరెంటు డ్రెయిన్, సోర్స్ అనే రెండింటి మధ్య పోతుంది, గేటు అనే మూడోది దాన్ని ఆన్ ఆఫ్ చేస్తుంది. గేటుకి సోర్స్ కంటే కొన్ని వోల్టులు (పెద్ద బోర్డుల్లో పది పన్నెండు) ఎక్కువ ఇస్తే దారి తెరుచుకుంటుంది, ఆ వోల్టేజీ తీసేస్తే మూసుకుంటుంది. చిక్కేమిటంటే, మాస్‌ఫెట్ తయారయ్యే తీరులోనే సోర్స్ నుంచి డ్రెయిన్ వైపుకి ఒక డయోడ్ ఏర్పడిపోతుంది. దీన్ని బాడీ డయోడ్ అంటారు. గేటు ఆఫ్ చేసినా ఈ డయోడ్ దారి మాత్రం తెరిచే ఉంటుంది, బోరు పైపు అడుగున ఫుట్ వాల్వ్ నీళ్లని ఒకవైపు పోనిచ్చి రెండోవైపు ఆపినట్టే. అందుకని ఛార్జింగ్‌ని ఆపడానికి ఒక మాస్‌ఫెట్, డిశ్చార్జిని ఆపడానికి ఇంకొకటి, రెండింటి డయోడ్లూ ఎదురెదురుగా ఉండేలా సిరీస్‌లో పెడతారు. రెండూ ఆఫ్ అయితేనే కరెంటు ఎటూ పోదు.

దీన్ని చిన్న బోర్డులో చూస్తే బాగా తెలుస్తుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎక్కడడిగినా దొరికే టీపీ4056 ఛార్జింగ్ మాడ్యూల్, అందులో ప్రొటెక్షన్ ఉన్న రకం తీసుకోండి. దానిమీద ఆరు కాళ్ల చిప్ ఒకటి ఉంటుంది, డీడబ్ల్యూ01ఏ. పక్కనే ఎనిమిది కాళ్ల 8205ఏ, అందులో రెండు మాస్‌ఫెట్లు డ్రెయిన్లు కలిపేసి ఉంటాయి. సెల్ 4.3 వోల్టులు దాటితే చిప్ ఛార్జి మాస్‌ఫెట్ గేటుని వదిలేస్తుంది, 2.4 వోల్టుల కిందికి దిగితే డిశ్చార్జిది వదిలేస్తుంది. ఇందులో నాకు నచ్చే తెలివి ఇంకోటుంది. కరెంటు కొలవడానికి వేరే షంట్ (కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్) లేదు, ఆ రెండు మాస్‌ఫెట్ల ఆన్ రెసిస్టెన్సే షంట్. రెండూ కలిపి సుమారు 50 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే, వాటిమీద 150 మిల్లీ వోల్టులు పడగానే చిప్ కట్ చేస్తుంది, అంటే 3 ఆంపియర్ల దగ్గర. ఇంకో 8205ఏ ప్యారలల్‌గా టంకం పెడితే రెసిస్టెన్స్ సగమై, కట్ ఆఫ్ 6 ఆంపియర్లకి పోతుంది. బోర్డు వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి కట్ ఆఫ్ కిందికి దిగుతుంది. మే నెలలో ఎండలో పెట్టిన టార్చిలైటు ఉన్నట్టుండి ఆరిపోయి, కాసేపు నీడలో పెడితే మళ్లీ వెలిగిందంటే ఇదీ ఒక కారణం కావచ్చు.

సింగిల్ సెల్ ప్రాజెక్టుకి, మూడు ఆంపియర్ల లోపు లోడుకి, ఇది చాలు, ఇంకేమీ వెతకక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్‌కి మాత్రం దీన్ని వాడకండి. 3.65 వోల్టుల దగ్గర ఆగాల్సిన సెల్‌కి 4.3 దగ్గర కట్ చేసే చిప్ పెట్టడమూ ఒకటే, ఏమీ పెట్టకపోవడమూ ఒకటే. కెమిస్ట్రీకి తగ్గ చిప్ అడగండి. ఇంట్లో ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ పడుందని దాన్ని 8205ఏ స్థానంలో పెట్టే ప్రయత్నమూ వద్దు, అది పూర్తిగా తెరుచుకోవడానికి గేటుకి 10 వోల్టులు కావాలి, మన సెల్ దగ్గరున్నది 3.7.

అసలు ఎంపిక: కామన్ పోర్టా, సెపరేట్ పోర్టా

పెద్ద ప్యాకుల దగ్గరికొద్దాం. కామన్ పోర్టు బోర్డుకి బయటికొచ్చే మైనస్ ఒకటే, పీ మైనస్. ఛార్జరూ లోడూ రెండూ దానికే. లోపల బీ మైనస్ (సెల్స్ వైపు మైనస్) నుంచి పీ మైనస్ వరకు రెండు వరసల మాస్‌ఫెట్లు ఎదురెదురుగా ఉంటాయి, కరెంటు ఎటు పోయినా రెండు వరసలూ దాటాల్సిందే. సెపరేట్ పోర్టుకి పీ మైనస్‌తో పాటు ఛార్జర్ కోసం విడిగా సీ మైనస్ కూడా ఉంటుంది. పీ మైనస్ దారిలో డిశ్చార్జి మాస్‌ఫెట్లు మాత్రమే, సీ మైనస్ దారిలో ఛార్జి మాస్‌ఫెట్లు. ఛార్జింగ్ కరెంటు ఎలాగూ తక్కువే కాబట్టి ఆవైపు రెండో మూడో పెట్టి సరిపెడతారు.

సెపరేట్ పోర్టు లాభం దీంతోనే తెలిసిపోతుంది. లోడు కరెంటు ఒక్క వరసే దాటుతుంది, అందువల్ల వేడి దాదాపు సగం, మాస్‌ఫెట్లు తక్కువ, ధర తక్కువ. ఛార్జర్ విడిగా, మోటారు కంట్రోలర్ విడిగా ఉండే సైకిల్‌కీ పాత రకం బండికీ ఇది ఏళ్ల తరబడి బాగానే పనిచేసింది, నేను కాదనను.

నష్టం ఎక్కడంటే, పీ మైనస్ గుండా లోపలికొచ్చే కరెంటుని ఆ బోర్డు ఆపలేదు. డిశ్చార్జి మాస్‌ఫెట్ ఆఫ్ చేసినా దాని బాడీ డయోడ్ సరిగ్గా ఛార్జింగ్ దిశలోనే తెరిచి ఉంటుంది. సీ మైనస్ సాకెట్ ఊడిపోయిందనో, కనెక్టర్ కుదర్లేదనో ఎవరైనా ఛార్జర్‌ని డిశ్చార్జి తీగలకి తగిలిస్తే ప్యాక్ ఛార్జి అవుతుంది, చక్కగా అవుతుంది కూడా, కానీ ఒక సెల్ 4.3 దాటినా 4.5 దాటినా ఆపేవాడు లేడు. దీనికి అద్దంలాంటి తప్పు ఇంకోటుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఛార్జింగ్ సాకెట్ ఖాళీగానే ఉంది కదా అని ఫోన్ ఛార్జింగ్ కోసం చిన్న యూఎస్‌బీ కన్వర్టర్‌ని సీ మైనస్‌కి తగిలిస్తారు. సీ మైనస్ నేరుగా బీ మైనస్‌కి పోయే బోర్డుల్లో, ఆ కన్వర్టర్ తాగే కరెంటు ఛార్జి మాస్‌ఫెట్ బాడీ డయోడ్ గుండా పోతూనే ఉంటుంది, అండర్ వోల్టేజీ కట్ ఆఫ్ దానికి వర్తించదు. బండి నెల రోజులు మూల పెట్టి ఊరెళ్లొచ్చేసరికి సెల్స్ 1 వోల్టు దగ్గర పడుంటాయి.

రీజెనరేటివ్ బ్రేకింగ్ ఉన్న బండికి సెపరేట్ పోర్టు పెట్టొద్దనేది కూడా ఇందుకే. బ్రేకేస్తే మోటారు పంపే కరెంటు పీ మైనస్ గుండానే వెనక్కొస్తుంది. గేర్లున్న హబ్ మోటార్లకి లోపల క్లచ్ ఉండడంవల్ల చాలావాటికి రీజెన్ రాదు, వాటితో ఈ బాధ లేదు. డైరెక్ట్ డ్రైవ్ హబ్ అయితే కంట్రోలర్ సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోండి, ఈ-ఏబీఎస్ అని ఏదో ఒక పేరుతో ఆన్ అయి ఉండొచ్చు. కామన్ పోర్టు పెట్టినంత మాత్రాన ఇక్కడ నిశ్చింత అనుకోకండి. నిండా ఛార్జి చేసి, ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకేస్తే బీఎంఎస్ ఛార్జి మాస్‌ఫెట్‌ని ఆఫ్ చేస్తుంది, వెనక్కొచ్చే శక్తికి పోయే దారి లేక కంట్రోలర్ దగ్గర వోల్టేజీ ఎగిరిపడుతుంది, సెల్స్ బతుకుతాయి గానీ కంట్రోలర్ పోతుంది. కంట్రోలర్లో రీజెన్ వోల్టేజీ లిమిట్ తగ్గించడమో, ప్యాక్‌ని కాస్త తక్కువగా ఛార్జి చేయడమో దీనికి మందు.

ఇక సోలార్ ఇన్వర్టర్‌కైతే చర్చే లేదు. ఇన్వర్టర్ ఒకే జత తీగల మీద పగలు ఛార్జి చేస్తుంది, రాత్రి లాగుతుంది. కామన్ పోర్టే. జేకే లాంటి బ్రాండ్లవి కామన్ పోర్టుతోనే వస్తాయి, దాలీలో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి ఆర్డర్ పెట్టేముందు వివరాల్లో ఆ ఒక్క మాటా చదవండి. కొత్తగా కట్టేవాళ్లెవరైనా అడిగితే నేను సైకిల్‌కి కూడా కామన్ పోర్టే చెబుతాను. నాలుగు వందలో ఐదు వందలో ఎక్కువైనా సరే, ఏ తీగకి ఏం తగిలించినా ప్యాక్ తనని తాను కాపాడుకుంటుంది.

కామన్ పోర్టులోనూ అన్నీ ఒకటి కావు

ఇన్వర్టర్లు పెట్టుకునేవాళ్లు దీన్ని కాస్త ఓపిగ్గా చదవండి. మధ్యాహ్నం పన్నెండింటికి బ్యాటరీ నిండింది, ఏదో ఒక సెల్ ముందుగా పరిమితి దాటింది, బీఎంఎస్ ఛార్జి వరసని ఆఫ్ చేసింది. డిశ్చార్జి వరస ఆన్‌లోనే ఉంది. అప్పుడే మబ్బు పట్టింది, ఏసీ నడుస్తోంది, బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లు లాగడం మొదలైంది. ఈ 50 ఆంపియర్లూ ఆఫ్‌లో ఉన్న ఛార్జి మాస్‌ఫెట్ల బాడీ డయోడ్ల గుండా పోవాలి. డయోడ్ మీద 0.8 వోల్టులు పడితే 40 వాట్ల వేడి, అదీ గోరంత మాస్‌ఫెట్ల మీద. అవే మాస్‌ఫెట్లు ఆన్‌లో ఉండి వరస మొత్తం అర మిల్లీ ఓమ్ అయితే వేడి వాటున్నర కూడా ఉండదు. తేడా ముప్ఫై రెట్లు.

మంచి బీఎంఎస్ కరెంటు బయటికి పోతోందని గమనించగానే, సెల్ వోల్టేజీ ఇంకా ఎక్కువగానే ఉన్నా, ఛార్జి మాస్‌ఫెట్లని మళ్లీ ఆన్ చేస్తుంది. ఎలాగూ డిశ్చార్జి అవుతోంది కాబట్టి ప్రమాదమేమీ లేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల బీక్యూ76952 లాంటి చిప్‌లలో ఇందుకోసం ప్రత్యేకంగా సదుపాయం ఉంది. చవక బోర్డుల్లో ఇది ఉందో లేదో స్టిక్కర్ చెప్పదు. మీరే తెలుసుకోవచ్చు: ప్యాక్ నిండి ఛార్జింగ్ కట్ అయ్యాక పది ఆంపియర్ల లోడు పెట్టి, మల్టీమీటర్‌తో బీ మైనస్‌కీ పీ మైనస్‌కీ మధ్య వోల్టేజీ చూడండి. పది ఇరవై మిల్లీ వోల్టులుంటే మాస్‌ఫెట్లు తెరుచుకున్నాయి. అర వోల్టుకి పైన నిలిచిపోతే కరెంటు డయోడ్లోంచే పోతోంది, ఆ బోర్డుని ఇన్వర్టర్ మీద పెట్టకండి.

మైనస్‌లో కట్ చేసేవా, ప్లస్‌లో కట్ చేసేవా

మార్కెట్లో దొరికే బోర్డులన్నీ దాదాపు మైనస్ వైపు కట్ చేసేవే. కారణం సులువు. ఎన్ ఛానల్ మాస్‌ఫెట్ సోర్స్ బీ మైనస్ దగ్గర ఉంటే గేటుకి కావాల్సిన 10 వోల్టులు ప్యాక్ నుంచే వచ్చేస్తాయి. అదే ప్లస్ వైపు పెడితే గేటుకి ప్యాక్ వోల్టేజీ కంటే పైన ఇంకో 10 వోల్టులు కావాలి, దానికి ఛార్జ్ పంప్ (వోల్టేజీని పైకి పెంచే చిన్న సర్క్యూట్) కావాలి, బీక్యూ76200 లాంటి డ్రైవర్ చిప్ కావాలి, ఖర్చు పెరుగుతుంది.

మైనస్ కట్ చేస్తే ఇబ్బంది కమ్యూనికేషన్ దగ్గర వస్తుంది. డిశ్చార్జి కట్ అయిన క్షణంలో ప్యాక్ ప్లస్ ఇంకా తగిలే ఉంటుంది, లోడు మైనస్ మాత్రం గాల్లో తేలుతుంది, లోడు గుండా అది దాదాపు ప్లస్ వోల్టేజీకి ఎగబాకుతుంది. బీఎంఎస్ నుంచి ఇన్వర్టర్‌కో, డిస్‌ప్లేకో నేరుగా డేటా తీగ లాగి ఉంటే ఆ ప్యాక్ వోల్టేజీ అంతా ఆ సన్న తీగలో దారి వెతుక్కుంటుంది. ఐసొలేషన్ (రెండువైపుల మధ్య కరెంటు దారి లేకుండా వేరుచేయడం) ఉన్న ఆర్ఎస్485 లేదా క్యాన్ డేటా పోర్టు ఉన్న బోర్డు తీసుకోండి, లేదా బ్లూటూత్‌తో సరిపెట్టుకోండి. డేటా తీగలు లేని ప్యాక్‌కి మైనస్ వైపు కట్ చేసే బోర్డే చాలు, ప్లస్ వైపు దాని కోసం డబ్బులు పోయనక్కర్లేదు. బాడీకి మైనస్ ఎర్త్ చేసిన వాహనంలో పెడుతున్నారా, ప్యాక్ నుంచి నాలుగైదు చోట్లకి సిగ్నల్స్ పోతున్నాయా, అప్పుడు ప్లస్ వైపు గురించి ఆలోచించండి.

ప్లస్ వైపు పెట్టాలంటే పీ ఛానల్ (గేటుకి సోర్స్ కంటే తక్కువ వోల్టేజీ ఇస్తే తెరుచుకునే రకం) వాడొచ్చు కదా, ఛార్జ్ పంప్ అక్కర్లేదు కదా అని అడుగుతారు. చిన్న కరెంటుకి వాడొచ్చు. కానీ ఐఆర్ఎఫ్540ఎన్ ఆన్ రెసిస్టెన్స్ 44 మిల్లీ ఓమ్‌లు, అదే 100 వోల్టుల తరగతిలో దానికి జోడీగా చెప్పే పీ ఛానల్ ఐఆర్ఎఫ్9540ఎన్‌ది 117. అదే కరెంటుకి రెండున్నర రెట్లకి పైగా వేడి. పైగా దాని గేటు సోర్స్ మధ్య 20 వోల్టులకి మించి ఓర్చుకోదు, 48 వోల్టుల ప్యాక్ మీద గేటుని నేరుగా మైనస్‌కి లాగారంటే అప్పుడే పోతుంది, గేటు వోల్టేజీని హద్దులో ఉంచే జీనర్ డయోడూ రెసిస్టర్లూ పెట్టాలి. అయిదారు ఆంపియర్లు దాటితే నేను పీ ఛానల్ జోలికి పోను.

మాస్‌ఫెట్లు వద్దు, కాంటాక్టర్ (కాయిల్ లాగి మూసే పెద్ద రిలే) పెడతానంటారా? ఎలక్ట్రిక్ కార్లలో అదే ఉంటుంది, వందల వోల్టుల దగ్గర అదే సరైనది కూడా, ఆఫ్ అయితే నిజంగా తీగ తెగినట్టే. 48 వోల్టుల ఇంటి ప్యాక్‌కి మాత్రం దాని కాయిల్ రోజంతా కొన్ని వాట్లు తింటూ కూర్చుంటుంది, షార్ట్ సర్క్యూట్ అయితే మాస్‌ఫెట్ మైక్రోసెకన్లలో కట్ చేసేదానికి ఇది మిల్లీసెకన్లు తీసుకుంటుంది, ఈలోపు కాంటాక్టులు అతుక్కోవచ్చు. కారులో వాడే మామూలు 12 వోల్టుల రిలే తెచ్చి 48 వోల్టుల డీసీని కట్ చేయించడం మరీ ప్రమాదం, ఆర్క్ ఆరదు.

ఆంపియర్లు, వోల్టులు, ఆ తర్వాత ఫ్యూజు

ఇప్పుడు స్టిక్కర్ సంగతి. 100 ఆంపియర్లని రాసిన బోర్డులో రెండు వరసలూ కలిపి 1 మిల్లీ ఓమ్ అనుకుందాం, 100 ఆంపియర్ల దగ్గర వేడి 10 వాట్లు, 50 దగ్గర రెండున్నర. కరెంటు సగమైతే వేడి నాలుగో వంతు. అందుకే మీ నిరంతర లోడుకి రెట్టింపు రేటింగ్ ఉన్నది తీసుకోమంటాను, ముఖ్యంగా రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండాకాలం సీటు కింద మూసిన రేకు డబ్బాలో పెట్టేటట్టయితే. మాస్‌ఫెట్ వంద డిగ్రీలకి వేడెక్కేసరికి రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు అవుతుంది, రెసిస్టెన్స్ పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది.

వోల్టేజీ రేటింగ్ మాత్రం ఎవరూ అడగరు. 13 సెల్స్ లిథియం అయాన్ నిండితే 54.6 వోల్టులు, 16 సెల్స్ ఎల్ఎఫ్‌పీ నిండితే 58.4. దీనికి 60 వోల్టుల మాస్‌ఫెట్లు పెట్టిన బోర్డు ఉంటే ముట్టుకోవద్దు, 75 ఉన్నా నాకు ధైర్యం చాలదు, 100 వోల్టులవి చూడండి. షార్ట్ అయి వందల ఆంపియర్లు పోతున్న తీగని ఒక్కసారిగా కట్ చేస్తే తీగ ఇండక్టెన్స్ వల్లే వోల్టేజీ పైకి ఎగురుతుంది, తీగలు పొడుగైనకొద్దీ ఎక్కువ. హీట్ సింక్ విప్పకుండా మాస్‌ఫెట్ నంబరు కనిపిస్తే డేటాషీట్ తీసి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. పెద్ద ఇన్వర్టర్ కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు లాగే కరెంటు కూడా బీఎంఎస్‌కి షార్ట్ లాగే కనిపిస్తుంది, ప్రీఛార్జ్ (వాటిని ముందు మెల్లగా నింపే ఏర్పాటు) ఉన్న బోర్డు దొరికితే మంచిది, లేదంటే రెసిస్టర్‌తో ముందు నింపి తర్వాత కలపండి.

మాస్‌ఫెట్ చెడిపోతే ఎక్కువగా షార్ట్ అవుతుంది. అంటే ప్యాక్ మామూలుగానే పనిచేస్తుంది, రక్షణ మాత్రం ఉండదు, మీకు తెలియదు. అందుకే బీఎంఎస్‌ని ఆఖరి కాపలాగానే చూడండి, సరైన వోల్టేజీ దగ్గర తానే ఆగే ఛార్జర్ వేరే ఉండాలి, ప్యాక్ ప్లస్‌లో డీసీ ఫ్యూజు ఉండాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాక బ్యాటరీ భద్రతకి ఏఐఎస్ 156 నిబంధనలని బిగించారు, అవి 2022 డిసెంబర్ 1న, 2023 మార్చి 31న రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. కంపెనీ బండి ప్యాక్ విప్పి బయటి బీఎంఎస్ పెట్టడం ఈ గైడు పరిధిలోది కాదు, దాన్ని షోరూమ్‌కే తీసుకెళ్లండి. ఇదంతా సొంతంగా కట్టే సైకిల్ ప్యాకులకీ, ఇంటి ఇన్వర్టర్లకీ.

కొన్న బోర్డుని ప్యాక్‌కి కలపకముందే, బ్యాలెన్స్ తీగలు (ఒక్కో సెల్ వోల్టేజీ చూసే సన్న తీగలు) కూడా పెట్టకముందే, మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి బీ మైనస్‌కీ పీ మైనస్‌కీ మధ్య రెండువైపులా చూడండి. కామన్ పోర్టయితే కాసేపు అంకెలు కదిలినా చివరికి రెండువైపులా ఓపెన్ రావాలి. సెపరేట్ అయితే ఒకవైపు అర వోల్టు దగ్గర అంకె వస్తుంది, అది బాడీ డయోడే, లోపం కాదు. కామన్ పోర్టని అమ్మిన బోర్డులో ఆ అర వోల్టు కనిపిస్తే మీకిచ్చింది సెపరేట్ అయినా అయ్యుండాలి, ఒక వరస షార్ట్ అయినా అయ్యుండాలి. మీటర్ కూత పెడితే బిల్లుతో సహా అప్పుడే వెనక్కిచ్చేయండి.